ఇంటరు తర్వాత సైన్సు: చిన్న సంస్థల్లో చదువు, పరిశోధన



పన్నెండో తరగతిని మనం ఒక్కోచోట ఒక్కో పేరుతో పిలుస్తాం. బళ్లారి, కోలారు వైపు పి.యు.సి. అంటారు. హోసూరులోనూ, బరంపురంలోనూ ప్లస్ టూ అంటారు. చంద్రపూర్, నాందేడ్‌లలో బారావీ అంటారు. యానాంలో ఇంటరు అంటారు. పేరు ఏదైనా, పరీక్షలు ముగిసిన మర్నాటి నుంచి ఇళ్లలో జరిగే చర్చ ఒకటే. ఇంజనీరింగా, మెడిసినా? ఆ రెండూ కుదరకపోతే "పోనీలే, బి.ఎస్సీ.లో చేర్పిద్దాం" అంటారు పెద్దలు. సైన్సు మీద నిజంగా మనసున్న పిల్లలు కూడా ఆ "పోనీలే" అన్న మాట విని, తమ చదువు రెండో రకం చదువు అనుకుంటారు. ఆ ఏడాదే వాళ్ల ఉత్సాహం సగం చచ్చిపోతుంది.

సైన్సునే చదువుకోవాలనుకునే పిల్లలకు మన చుట్టుపక్కల ఏ సంస్థలు ఉన్నాయి, అక్కడ విద్యార్థి జీవితం ఎలా ఉంటుంది, పరిశోధన చేసే అవకాశం ఎంత, దగ్గరలోని డిగ్రీ కాలేజీతో పోలిస్తే లాభమేమిటి, నష్టమేమిటి అన్నవి ఈ రోజు చెప్పుకుందాం.

ముందుగా సంస్థల సంగతి. కేంద్ర ప్రభుత్వం సైన్సు చదువు కోసమే నెలకొల్పిన ఐసర్ అనే సంస్థలు దేశంలో ఏడు ఉన్నాయి. పుణె, కోల్‌కతాలలో 2006లో, మొహాలీలో 2007లో, భోపాల్, తిరువనంతపురాలలో 2008లో మొదలయ్యాయి. తిరుపతిలో 2015లో, బరంపురంలో 2016లో వచ్చాయి. తిరుపతి ఐసర్ రేణిగుంట, శ్రీకాళహస్తి మధ్య ఏర్పేడు దగ్గర ఉంది. బరంపురం ఐసర్ ఊరికి కాస్త దూరంలో లౌడిగాం దగ్గర ఉంది. గంజాం జిల్లాలోని మనవాళ్లకు అది ఇంటి పక్కన వెలిసిన సంస్థ. వీటిలో ఐదేళ్ల బి.ఎస్.-ఎం.ఎస్. చదువు ఉంటుంది.

అణుశక్తి శాఖ 2007లో స్థాపించిన నైసర్ భువనేశ్వర్ దగ్గర జట్నీలో ఉంది. మద్రాసు, హౌరా మధ్య రైల్లో తిరిగేవారికి ఖుర్దారోడ్డు స్టేషను తెలుసు కదా, ఆ ఊరే జట్నీ. ఇక్కడిది ఐదేళ్ల ఎం.ఎస్సీ. బెంగుళూరులో 1909లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు 2011 నుంచి డిగ్రీ పిల్లలను కూడా చేర్చుకుంటోంది. లెక్కల మీద ప్రాణం పెట్టే పిల్లలకు రెండు చోట్లున్నాయి. ఒకటి చెన్నై శివారు సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్. రెండోది ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారి బెంగుళూరు కేంద్రం.

వీటన్నిటికీ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. ఐసర్లకు ఐ.ఏ.టి. అనే పరీక్ష. జీవశాస్త్రం, రసాయనం, లెక్కలు, భౌతికశాస్త్రం ఒక్కోదాంట్లో 15 చొప్పున 60 ప్రశ్నలు. లెక్కలు తీసుకున్న పిల్లలు జీవశాస్త్రం పదో తరగతితోనే వదిలేసి ఉంటారు. బైపీసీ పిల్లలు లెక్కలు వదిలేసి ఉంటారు. అందుచేత భయపడనక్కర్లేదు. మూడు సబ్జెక్టులు గట్టిగా వచ్చినవారికి కూడా సీటు వచ్చే వీలుంది. నైసర్‌కు నెస్ట్ అనే పరీక్ష ఉంది. లెక్కల సంస్థలు రెండూ తమ పరీక్షలు తామే పెట్టుకుంటాయి.

సరిహద్దు జిల్లాల వాళ్లం గనుక ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇంజనీరింగు, మెడిసిన్ సీట్ల వేళ మనకు లోకల్, నాన్‌లోకల్ అనే చిక్కు ఎదురవుతుంది. తెలుగు మాట్లాడతాం గానీ ఆంధ్రలో చదవలేదు కాబట్టి అక్కడ నాన్‌లోకల్. కొన్ని కుటుంబాలు ఏడెనిమిది తరగతులు ఒక రాష్ట్రంలో, తరువాతి తరగతులు మరో రాష్ట్రంలో చదివించి, చివరకు రెండు చోట్లా ఇబ్బంది పడతాయి. నేను చెప్పిన సంస్థలు దేశమంతటికీ కలిపి ఒకే జాబితా మీద సీట్లిస్తాయి. రాయచూరులో చదివినా, రాయగడలో చదివినా ఒకటే లెక్క. కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో రిజర్వేషన్లు మాత్రం కేంద్ర ప్రభుత్వ పద్ధతిలో ఉంటాయి. కేంద్ర ఓ.బి.సి. జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఆంధ్ర జాబితాలో ఉన్న కులం పేరు మీ రాష్ట్రం జాబితాలో లేకపోవచ్చు, లేదా వేరే పేరుతో ఉండవచ్చు. కాబట్టి సర్టిఫికెట్టు కేంద్ర నమూనాలో కావాలని తహసీల్దారు ఆఫీసులో ముందే అడిగి తీసుకోండి. ఫలితాలు వచ్చాక పరుగెత్తితే పని కాదు.

ఇక అసలు విషయానికి వద్దాం. పరిశోధన అంటే ఏమిటి? ఆ మాట వినగానే మనకు తెల్ల కోటు, గాజు సీసాలు గుర్తొస్తాయి. కానీ తెల్ల కోటు మామూలు కాలేజీలోనూ వేసుకుంటారు. మన డిగ్రీ కాలేజీలో సాల్ట్ అనాలిసిస్ ప్రాక్టికల్ చూడండి. పిల్లలకు ఒక పొట్లంలో లవణం ఇస్తారు. అదేమిటో కనిపెట్టాలి. ఆ లవణం పేరు లెక్చరరుగారి దగ్గర కాగితం మీద ముందే రాసి ఉంటుంది. పిల్లవాడు చెప్పిన జవాబు ఆ కాగితంతో సరిపోతే మార్కులు పడతాయి. పరిశోధనలో ఆ కాగితం ఎవరి దగ్గరా ఉండదు. గురువుగారికీ జవాబు తెలియదు. ప్రయోగం పది సార్లు చేస్తే తొమ్మిది సార్లు చెడిపోతుంది. ఎందుకు చెడిపోయిందో రాసుకోవాలి, మళ్లీ చేయాలి. ఈ అలవాటు పుస్తకం చదివితే రాదు. పని తెలిసినవారి పక్కన నిలబడి నేర్చుకోవాలి. సాలెమగ్గం ముందు కూర్చున్న పిల్లవాడు తండ్రి చేతులు చూసి నేర్చుకున్నట్టే ఇదీను.

చిన్న సంస్థల్లో దొరికేది ముఖ్యంగా ఇదే. అక్కడి అధ్యాపకులు పాఠం చెప్పడంతో ఆగరు. ఎవరి ప్రయోగశాల వారికుంటుంది, అందులో పిహెచ్.డి. విద్యార్థులుంటారు. రెండో ఏడాది పిల్లవాడు వెళ్లి "సార్, సెలవుల్లో మీ ల్యాబులో పని చేస్తాను" అని అడగవచ్చు. అడగడం అక్కడ మామూలు విషయం. ఐసర్లలో మొదట్లో నాలుగు సైన్సులూ కలిపి చెబుతారు. తరువాత పిల్లలు తమకు నచ్చిన శాస్త్రం వైపు మళ్లుతారు. ఐదో ఏడాది ఒక అధ్యాపకుని దగ్గర సొంతంగా ఒక సమస్య తీసుకుని పనిచేసి, సిద్ధాంత వ్యాసం రాస్తారు. అంటే 22 ఏళ్ల వయసుకే, జవాబు తెలియని ప్రశ్నతో ఏడాది పాటు కుస్తీ పట్టిన అనుభవం వస్తుంది.

అడిగే వీలున్నచోట ఏం జరుగుతుందో చెప్పడానికి మన ప్రాంతం వాడే ఉదాహరణగా ఉన్నాడు. సి.ఆర్. రావుగారు 1920లో అప్పటి బళ్లారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి విని, 1941లో శిక్షణకు చేరారు. అప్పటికి ఆ సంస్థకు సొంత భవనాలు లేవు, ప్రెసిడెన్సీ కాలేజీ గదుల్లో నడిచేది. కొద్దికాలానికే రావుగారు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పసాగారు. ఒక రోజు ఆయన ఒక సూత్రం చెబుతుండగా, అది లెక్కలేనన్ని నమూనాలు తీసుకుంటే వర్తించే సూత్రం కదా, నమూనాలు కొద్దిగానే ఉంటే ఏమవుతుందని ఒక విద్యార్థి అడిగాడు. అడిగింది వి.ఎం. దాండేకర్, తరువాతి కాలంలో పేరొందిన ఆర్థికవేత్త. గురువుగారికి ఆ క్షణాన జవాబు తెలియదు. ఇంటికి వెళ్లి రాత్రి కూర్చుని సాధించారు. ఆ ఫలితం 1945లో అచ్చయింది. ఇవాళ ప్రపంచమంతటా గణాంక విద్యార్థులు క్రామర్-రావు అసమానత అని చదువుకునేది దానినే. రావుగారికి 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది. ఆ ఏడాదే ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఈ కథలో నాకు నచ్చేది గురువు తెలివి ఒక్కటే కాదు. క్లాసులో లేచి నిలబడి అడిగిన విద్యార్థి, ఆ ప్రశ్నను తోసిపుచ్చని గురువు, ఇద్దరూ ఒక గదిలో ఉండటం.

అయితే చిన్న సంస్థలో జీవితమంతా ఇలా సాఫీగా సాగుతుందని చెప్పను. కష్టాలు కూడా తెలుసుకునే పిల్లలను పంపాలి.

మొదటిది, అక్కడ చేరేవారంతా తమ తమ బడుల్లో మొదటి ర్యాంకు వారే. ఇంతకాలం క్లాసులో మొదటివాడిగా ఉన్న అబ్బాయి మొదటి సెమిస్టరులో నలభయ్యో స్థానంలో కనిపిస్తాడు. అతడి తెలివి ఏమీ తగ్గలేదు, చుట్టూ ఉన్నవారు మారారు, అంతే. కానీ ఫోనులో తండ్రి "మార్కులెందుకు తగ్గాయి?" అని గద్దిస్తే ఆ పిల్లవాడు లోలోపల కుంగిపోతాడు. ఆ మొదటి ఏడాది ఇంట్లోవాళ్లు మార్కుల కన్నా ముందు నిద్ర, భోజనం, స్నేహితుల గురించి అడగాలి.

రెండోది భాష. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. కన్నడంలోనో, ఒడియాలోనో, తెలుగులోనో చదివిన పిల్లలకు మొదటి ఆరు నెలలు చెవులు హోరెత్తుతాయి. ఇది ఓర్చుకుంటే తీరే కష్టం. పైగా మన పిల్లలకు ఇందులో ఒక బలం ఉంది. ఇంట్లో తెలుగు, బజారులో ఇంకో భాష, బడిలో మరొకటి మాట్లాడుతూ పెరిగినవారు వీళ్లు. మరో భాషలో బతకడం వీళ్లకు కొత్త కాదు. బెంగాల్, కేరళ, రాజస్థాన్ పిల్లలతో ఒకే గదిలో ఉండాల్సి వచ్చినప్పుడు సరిహద్దు పిల్లలు తొందరగా కలిసిపోవడానికి ఈ అలవాటే కారణం.

మూడోది, చిన్నచోట దాక్కోవడానికి వీలుండదు. పెద్ద కాలేజీలో నచ్చని జట్టును వదిలి వేరే జట్టులో చేరవచ్చు. ఇక్కడ హాస్టలు, మెస్సు, క్లాసు అన్నిచోట్లా అవే ముఖాలు. క్యాంపసులు చాలావరకు ఊరికి దూరం. సినిమా, బజారు, గుడి అన్నిటికీ బస్సో ఆటోనో ఎక్కాలి. లెక్కల సంస్థలో లెక్కలు నచ్చకపోతే చరిత్రలోకో, వాణిజ్యంలోకో మారే దారి లేదు.

నాలుగోది కాలం. డిగ్రీ కాగానే ఉద్యోగం కావాలనుకునే కుటుంబానికి ఇది సరైన దారి కాకపోవచ్చు. ఐదేళ్ల చదువు, ఆ పైన పిహెచ్.డి.కి మరో ఐదేళ్లు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ బరువైన మాట. చాలా ఇళ్లలో ఇరవై రెండో ఏటికి పెళ్లి ప్రస్తావన వస్తుంది. నా దగ్గర చదివిన ఆడపిల్లల్లో లెక్కలు, భౌతికశాస్త్రం చక్కగా వచ్చినవారు ఎందరో ఈ ఒక్క కారణాన ఆగిపోయారు. తల్లిదండ్రులు ఒక విషయం గమనించాలి. జాతీయ అర్హత పరీక్ష ద్వారా జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. అంటే పిహెచ్.డి. చేసే అమ్మాయి ఇంటిమీద ఆధారపడి చదువుతున్నట్టు కాదు, జీతంలాంటిది తెచ్చుకుంటూ చదువుతున్నట్టు.

డబ్బు మాట వచ్చింది గనుక, స్కాలర్‌షిప్పుల సంగతి కూడా చెప్పుకుందాం. కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ పథకంలో సైన్సు డిగ్రీ చదివేవారికి ఏడాదికి 80,000 రూపాయల స్కాలర్‌షిప్పు ఉంది. అందులో 60,000 చేతికిస్తారు, మిగతా 20,000 వేసవి పరిశోధన కోసం. బోర్డు పరీక్షల్లో మొదటి ఒక్క శాతంలో నిలిచినవారు మామూలు డిగ్రీ కాలేజీలో బి.ఎస్సీ. చేస్తున్నా దీనికి అర్హులే. ఈ సంగతి తెలియక దరఖాస్తే పెట్టనివారు మన వైపు ఎక్కువ. నైసర్‌లో చేరినవారికి అణుశక్తి శాఖ దిశ అనే పేరుతో ఇలాంటి సాయమే చేస్తుంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలకడగా చదివేవారికి నెలనెలా స్టయిపెండు ఇచ్చే సంప్రదాయం ఉంటూ వచ్చింది. నియమాలు మారుతుంటాయి కాబట్టి, ఏ ఏటి ప్రకటన ఆ ఏడు చదువుకోవాలి.

సరే, ప్రవేశ పరీక్ష రాశాడు, సీటు రాలేదు. లేదా అమ్మకు ఒంట్లో బాగుండక దూరం పంపలేకపోయారు. మరి దగ్గరలోని డిగ్రీ కాలేజీలో చేరిన పిల్లవాడికి పరిశోధన తలుపులు మూసుకుపోయినట్టేనా? కాదు. కొంచెం వివరంగా చెబుతాను.

డిగ్రీ కాలేజీలో మేళ్లు లేకపోలేదు. ఇంటి భోజనం, తక్కువ ఫీజు, తెలిసిన ఊరు. తరువాత బి.ఎడ్. చేసి ఉపాధ్యాయుడు కావాలంటే అది నేరైన దారి. లోపాలు కూడా అందరికీ తెలిసినవే. లెక్చరర్ల పోస్టులు ఖాళీగా ఉంటాయి. ఒక్క మైక్రోస్కోపు చుట్టూ పది తలలు మూగుతాయి. ప్రాక్టికల్ రికార్డు సీనియర్లది చూసి దించుకుంటారు. నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్సు డిగ్రీ అనే పద్ధతిని యు.జి.సి. 2022లో ప్రకటించింది గానీ, అది అన్ని రాష్ట్రాల్లో ఒకేలా లేదు. కర్ణాటక 2024లో మళ్లీ మూడేళ్ల డిగ్రీకే వచ్చింది.

ఈ లోటును తీర్చుకోవలసింది వేసవి సెలవుల్లో. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తున్నాయి. ఎంపికైన విద్యార్థి రెండు నెలలపాటు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తాడు. స్టయిపెండు, ప్రయాణ ఖర్చు ఇస్తారు. ఏ ఊరి కాలేజీ విద్యార్థి అయినా దరఖాస్తు పెట్టవచ్చు. ఉపాధ్యాయులకు కూడా ఇందులో అవకాశం ఉంది. బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ బి.ఎస్సీ. విద్యార్థులు కొందరిని ఎంపిక చేసి, రసాయనంలోనూ జీవశాస్త్రంలోనూ వరుసగా మూడు వేసవులు శిక్షణనిచ్చే కార్యక్రమం నడుపుతోంది. ముంబైలోని హోమీ భాభా సెంటర్ 2004 నుంచి డిగ్రీ మొదటి, రెండో ఏళ్ల విద్యార్థుల కోసం ఇలాంటి కార్యక్రమమే పెట్టింది. ఈ దరఖాస్తులకు మీ లెక్చరరుగారి సిఫారసు ఉత్తరం కావాలి. పరీక్షల ముందు రోజు అడిగితే ఎవరూ మనసు పెట్టి రాయలేరు. దసరా, దీపావళి రోజుల నుంచే ప్రకటనల మీద కన్నేసి ఉంచండి.

పుస్తకాలు, పత్రికల కొరత కూడా కొంత తగ్గింది. 2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే పథకం మొదలుపెట్టింది. సుమారు 13,000 పరిశోధన పత్రికలను ఇంటర్నెట్టులో చదువుకునే వీలు కల్పించింది. ఇది కేంద్ర సంస్థలతోపాటు రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకు కూడా వర్తిస్తుంది. మీ ప్రభుత్వ కాలేజీ ఇందులో నమోదయిందా అని లైబ్రేరియన్‌గారిని అడగండి. నమోదు కాకపోతే ప్రిన్సిపాల్‌గారికి అర్జీ రాయండి.

ఇక డిగ్రీ మూడో ఏడాది జామ్ పరీక్ష ఉంది. అది రాసి ఐ.ఐ.టి.లలో ఎం.ఎస్సీ.లో చేరవచ్చు, బెంగుళూరు ఇన్‌స్టిట్యూట్‌లో ఇంటిగ్రేటెడ్ పిహెచ్.డి.కి కూడా ప్రయత్నించవచ్చు. అప్పుడు పి.యు.సి. తర్వాత దొరకని చోటే మూడేళ్ల తరువాత దొరుకుతుంది. ఆ మూడేళ్లలో రెండు వేసవులు ఏదైనా ప్రయోగశాలలో గడిపినవాడికి, గడపనివాడికి ఇంటర్వ్యూలో తేడా వెంటనే కనబడుతుంది. "నువ్వు ఏం చేశావు?" అని అడిగితే మొదటివాడి దగ్గర చెప్పడానికి చెడిపోయిన ప్రయోగాలు కూడా ఉంటాయి.

చిన్న సంస్థ అయినా, డిగ్రీ కాలేజీ అయినా, చేర్చే ముందు ఒకసారి పిల్లవాడిని వెంటబెట్టుకుని వెళ్లి చూడండి. అక్కడ రంగుల పుస్తకం చేతికిస్తారు, తీసుకోండి. కానీ రెండో ఏడాది చదివే విద్యార్థి ఒకరిని పక్కకు పిలిచి కొన్ని విషయాలు అడగండి. ప్రాక్టికల్‌లో ఒక పరికరం దగ్గర ఎంతమంది నిలబడతారు? పోయిన వేసవిలో మీ క్లాసువాళ్లు ఎక్కడికి వెళ్లారు? పాఠం అర్థం కాకపోతే సాయంత్రం సారు గదికి వెళ్లవచ్చా? మనసు బాగులేకపోతే చెప్పుకోవడానికి ఎవరున్నారు? ఆ విద్యార్థి తడుముకోకుండా జవాబు చెబితే ఆ కాలేజీ మంచిదే. తల దించుకుంటే, భవనం ఎంత పెద్దదైనా మరోసారి ఆలోచించండి.

మీ ఇంట్లో కప్ప ఎందుకు అరుస్తుంది, ఆకు ఎందుకు పండుతుంది, రైలు కూత దగ్గరికొస్తే ఎందుకు మారుతుంది అని అడిగే అమ్మాయో, అబ్బాయో ఉంటే, ఈసారి "పోనీలే" అనకండి. వచ్చే మార్చి నుంచి ప్రవేశ పరీక్షల ప్రకటనలు చూస్తూ ఉండండి. సీటు వస్తే ధైర్యంగా పంపండి. రాకపోతే దగ్గరి కాలేజీలోనే చేర్చి, వేసవులు వృథా పోకుండా చూడండి.